చెయ్యి ఎప్పుడు వదలాలి

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. "బడి కిలోమీటరు దూరమే కదా పెద్దమ్మా, బండి మీద దింపే బదులు మా అబ్బాయిని నడిపిస్తేనో?" అన్నావు. ఆ వెంటనే రెండోది, "రోడ్డు చూస్తే భయమేస్తోంది" అని. రెండూ సబబే. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగం విని "ఊఁ ఊఁ" అంటావు, అందుకని రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అన్నయ్యకి అప్పుడు ఆరేళ్లు. బడి వదిలారు. వాడు రోడ్డుకి అవతల, నేను ఇవతల. నన్ను చూడగానే వాడి మొహం విప్పారింది. నేను కూడా నవ్వుతూ చెయ్యి ఊపాను. అంతే, వాడికి మధ్యలో రోడ్డు లేదు, అమ్మ ఒక్కతే ఉంది. స్కూటరతను బ్రేకు వేసి పక్కకి పడ్డాడు, మోచెయ్యి చెక్కుకుపోయింది. వీడికి చిన్న గీత కూడా పడలేదు. ఇంటికొచ్చి వాణ్ణే తిట్టాను, "చూసుకోవద్దూ" అని. ఆ తిట్లు నాకు పడాల్సినవి. పిల్లాడి కోసం వెళ్లినవాళ్లు పిల్లాడున్న వైపే నిలబడాలి. అవతల నుంచి పేరు పెట్టి పిలవకూడదు, చెయ్యి ఊపకూడదు. ఈ మాట మీ ఆయనకి, మీ అత్తగారికి కూడా చెప్పు. పొద్దున దింపేది ఒకరు, సాయంత్రం తెచ్చేది ఇంకొకరు అయినప్పుడే ఇలాంటివి జరుగుతాయి.

ఇంకో సంగతి. "జాగ్రత్తగా వెళ్లు నాన్నా" అని మనం రోజూ అంటామా, ఆ మాటకి ఆరేళ్లవాడికి అర్థం లేదు. ఒకసారి నా ఒకటో తరగతి పిల్లల్ని అడిగాను, జాగ్రత్త అంటే ఏమిట్రా అని. ఒకడు "పడిపోకుండా ఉండటం" అన్నాడు. ఒకమ్మాయి "టీచర్ చూస్తున్నప్పుడు ఉండేది" అంది! కాబట్టి జాగ్రత్త అనకు. "ఈ అంచు దగ్గర ఆగాలి" అను, "ఆ గోడ దాటాక నా చెయ్యి పట్టుకోవాలి" అను. చేసే పని చెప్పాలి, చోటు చూపించాలి.

ఈ ఆదివారం వాడితో కలిసి ఒకసారి బడిదాకా నడిచి చూడు. దార్లో ఆగి ఉన్న రెండు కార్ల మధ్య, వాడి పక్కనే గొంతుక్కూర్చో. ఎవరైనా చూస్తే చూడనీ. ఆరేళ్లవాడి కళ్లు నేలకి మీటరు ఎత్తులో ఉంటాయి. నీకు నిలబడితే రోడ్డు చివరిదాకా కనిపిస్తుంది. వాడికి కనిపించేది ఒక టైరు, ఒక తలుపు, దాంట్లో వాడి మొహం. డ్రైవరుకి వాడు అసలు కనిపించడు. అక్కడ కూర్చుని చూశాక ఏ దారి మంచిదో నీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

దారి అంటే దగ్గరి దారి అనుకోకు. ఐదు నిమిషాలు ఎక్కువైనా సరే, దాటే రోడ్లు తక్కువ ఉన్న దారి, బండ్లు నెమ్మదిగా పోయే దారి, కార్లు వెనక్కి తీసే గేట్లు తక్కువ ఉన్న దారి ఎంచుకో. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపున నడవాలి. ఒకసారి ఎంచుకున్నాక ఆ దారి మార్చకండి. వాడు ఆలస్యం చేస్తే ఎక్కడ వెతకాలో నీకు తెలియాలి, ఎక్కడ ఎవరి తలుపు తట్టాలో వాడికి తెలియాలి.

రోడ్డు దాటడం గురించి ఒక చిన్న లెక్క. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డు దాటడానికి వాడి చిన్న అడుగులకి ఏడు సెకన్లు పడుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు లాగేస్తుంది. అంటే వాడు అడుగు వేసేటప్పుడు ఆ బండి వంద మీటర్ల అవతల ఉండాలి. "దూరంగానే ఉందిలే" అని మనకి అనిపించేది యాభై మీటర్లకే! పైగా నేరుగా ఎదురొచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో పోల్చుకునే చూపు ఈ వయసులో ఇంకా కుదురుకోదు. వాడు అబద్ధమాడడు, నిజంగానే అది ఆగి ఉన్నట్టే ఉంటుంది వాడికి. అందుకే వీణ్ణి ఎంత తెలివైనవాడన్నా నమ్మకు. తెలివికీ దీనికీ సంబంధం లేదు.

అయితే చెయ్యి ఎప్పుడు వదలాలి? నువ్వు అడగలేదు గానీ నీ అసలు ప్రశ్న ఇదే. ఒక్కరోజులో వదిలేది కాదది, మెట్టు మెట్టుగా వదలాలి. మొదటి నెల పూర్తిగా పట్టుకో. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకో. చెమట చేతులు జారిపోతాయి, వేళ్లు విదిలించుకోవడం పిల్లలకి క్షణం పని. బండ్లు పోయే వైపు నువ్వుండాలి. దాటేముందు నీ మనసులో మాటలు పైకి అను: "ఆగాను. బండ్లు ముందు వచ్చే వైపు చూశాను. ఆ వ్యాను మలుపు తిరుగుతుందేమో, పోనిద్దాం. ఇప్పుడు రెండో వైపు. మళ్లీ ఒకసారి ఇటు. పద, నడుద్దాం, పరిగెత్తం." వాడు వినట్లేదనిపిస్తుంది. వింటాడు.

తర్వాతి మెట్టు నాకు చాలా ఇష్టం. "ఇవాళ నువ్వే నన్ను బడికి తీసుకెళ్లాలి" అని చెప్పు. మణికట్టు నీ చేతిలోనే ఉంటుంది, కానీ ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దాటాలో వాడు చెప్పాలి. తప్పు చెబితే తిట్టకు, కదలకుండా నిలబడు. "ఆ మూల ఏముందో చూశావా?" అని మాత్రం అడుగు. ఇలా కొన్ని నెలలు గడవనీ. ఆ తర్వాత సందుల్లో చెయ్యి వదిలి, ప్రతి రోడ్డు అంచు దగ్గరా మళ్లీ పట్టుకో. ఆ పైన పదడుగుల వెనక నడవడం. ఒంటరిగా పంపడానికి పదేళ్ల దగ్గరికి రావాలి, అదీ రోడ్డుని బట్టి. పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే పదేళ్లవాడితో కూడా వెళ్లు, నామోషీ ఏమీ లేదు. ఎర్ర లైటు ఉన్నప్పుడు నువ్వు ఒక్కసారి పరిగెత్తి దాటావా, ఈ నెలల పాఠం నీళ్లలో పోసినట్టే.

రోజూ నడిపించడం నీ వల్ల కాదని నాకు తెలుసు. మీ వీధిలో అదే బడికి వెళ్లే పిల్లలున్నారు కదా, మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో మాట్లాడి వంతులు వేసుకోండి. ఫలానా టైముకి ఫలానా మలుపు దగ్గర ఆగుతాం, రెండు నిమిషాలు చూస్తాం, బయలుదేరతాం. బస్సులాగే అన్నమాట, చక్రాలు ఉండవంతే. ఇలాంటి నడక బస్సులు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలైతే ముగ్గురికి ఒక పెద్దమనిషి, అంతకన్నా పెద్దవాళ్లైతే ఆరుగురికి ఒకరు ఉండాలి. ముందొకరు, వెనకొకరు. మొదట వారానికి రెండు రోజులు పెట్టుకోండి. ఐదు రోజులూ అని మొదలుపెట్టినవాళ్లు రెండో వారానికే ఆపేయడం చాలాసార్లు చూశాను. దూరం నుంచి వచ్చేవాళ్లు కారు మూడు నాలుగు వందల మీటర్ల ముందే ఆపి మీ వరసలో కలవచ్చు.

దానివల్ల గేటు దగ్గర కూడా కాస్త ఊపిరాడుతుంది. సాయంత్రం గేటు డ్యూటీ ఏళ్ల తరబడి చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మొత్తం దారిలో నాకు గుండె దడ పుట్టించే చోటు ఆ గేటే. పిల్లాణ్ణి నడిపిస్తే ప్రమాదమని కారులో తెచ్చి, ఆ కారుని గేటు ముందే రివర్స్ చేసి, నడిచొచ్చే పిల్లలకి ప్రమాదం తెచ్చేది మనమే. దీని గురించి హెడ్‌మాస్టరుతో మాట్లాడండి. బడి పెట్టే టైములో, వదిలే టైములో ఆ వీధిలోకి బండ్లు రానివ్వకుండా ఆపగలరేమో అడగండి. స్పీడు 30 దాటకూడదనే బోర్డు, దానికి తోడు స్పీడ్ బ్రేకరు అడగండి, ఉత్త బోర్డుని ఎవరూ చూడరు. పొడి రోడ్డు మీద 30లో వచ్చే కారు, డ్రైవరు తేరుకుని బ్రేకు వేసి ఆపేసరికి 13 మీటర్లు వస్తుంది. 50లో అయితే 28 మీటర్లు.

"మన దగ్గర అవన్నీ ఎక్కడ జరుగుతాయి పెద్దమ్మా" అంటావు. నెదర్లాండ్స్‌లో పిల్లలు సైకిళ్ల మీద బడికెళ్లే వీడియోలు చూసి ముచ్చటపడతాం కదా. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, అందులో నాలుగు వందలకి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్ల మీద బైఠాయించి, పిల్లల్ని చంపడం ఆపండని అడిగారు. ఆ రోడ్లు పుట్టుకతో అలా లేవు.

ఇక చిల్లర సంగతులు. బ్యాగు వాడి బరువులో పదో వంతు దాటనివ్వకు, ఇరవై కిలోల పిల్లాడికి రెండు కిలోలు. వానకి గొడుగు వద్దు, ముందుకి వంచి పట్టుకుంటే ఏమీ కనిపించదు. లేత రంగు రెయిన్‌కోటు కొను, టోపీ కళ్లమీదకి జారకుండా చూడు. కుక్క ఎదురైతే పరిగెత్తకుండా, దాని కళ్లలోకి చూడకుండా, చేతులు దగ్గరికి పెట్టుకుని నిలబడాలి. ఇది ఇంట్లో ఆటలాగా నేర్పు, కుక్క వేషం నువ్వు వెయ్యి. ఎవరు పిలిచినా, అమ్మ పంపిందని చెప్పినా వెళ్లకూడదు. సైకిలు మాటెత్తుతాడు, ఇప్పుడు మైదానంలోనే తొక్కనీ, హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తున కూర్చోవాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, బండి మీదే దింపేస్తానంటావా? ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రానూ పోనూ చురుగ్గా నడిస్తే అందులో సగం దాకా వచ్చేస్తుంది. నాకు అంతకన్నా నచ్చేది వేరే. నడిచొచ్చిన పిల్లలు క్లాసులోకి వచ్చేసరికే కబుర్లన్నీ చెప్పేసుకుని ఉండేవాళ్లు. బండి దిగి వచ్చినవాళ్లు మొదటి పీరియడంతా నా ప్రాణం తీసేవాళ్లు.

ఆదివారం కార్ల మధ్య కూర్చున్నప్పుడు ఏం కనిపిస్తోందిరా అని వాణ్ణి అడుగు. వాడు చెప్పింది చెప్పినట్టు నాకు రాయి. కొత్త బూట్లతో మాత్రం మొదటి రోజు నడిపించకు, మడమ కొరికితే మళ్లీ నడకన్న మాట ఎత్తనివ్వడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ