కువైట్‌లో అమ్మాయిని చూడాలి, దాచుకున్న 38 వేలలో ఎంత తీయొచ్చు?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా ఆయనకి 53, నాకు 48. ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు, నేను ఇంటి దగ్గర లేసు అల్లుతాను. ఇద్దరిదీ కలిపి నెలకి 21 వేల దాకా వస్తుంది. ఇంటి ఖర్చు, డ్వాక్రా వాయిదా పోను 4 వేలు మిగులుతుంది. బ్యాంకులో 38 వేలు దాచాం. ఇద్దరివీ బటన్ ఫోన్లే. అమ్మాయి కువైట్ వెళ్లి ఏడాదైంది, వీడియో కాల్‌లో చూసుకోవాలని ఉంది. నరసాపురంలో ఫోన్ల షాపుకి వెళ్తే, ఒక్కోటి 18 వేల ఫోన్లు రెండు చూపించి, ఇప్పుడేమీ కట్టక్కర్లేదు, ఏడాదిపాటు నెలకి 3 వేలు కడితే చాలు, వడ్డీ కూడా లేదన్నారు. తీసుకోమంటారా? (పక్కింటి అబ్బాయి చేత రాయిస్తున్నాను.)

జవాబు: వద్దమ్మా, రెండొద్దు. ఒకటి కొనండి. 12 వేల లోపు, మొత్తం డబ్బు ఒకేసారి కట్టి, మీ చేతికి తీసుకోండి. రెండోదాని సంగతి ఆరు నెలల తర్వాత ఆలోచిద్దాం.

నెలకి 4 వేలు మిగులుతుందని రాశారు. కానీ ఆ 4 వేలు ఏడాది పొడుగునా ఒకేలా మిగలవని మీకే బాగా తెలుసు. వానలు పడుతుంటే చెట్టు తడిగా ఉంటుంది, దింపు ఆగిపోతుంది. వశిష్ఠ గోదావరికి వరదొచ్చి తోటల్లోకి నీళ్లెక్కితే ఎన్ని రోజులు పని ఉండదో చెప్పలేం. అలాంటి నెలలో కూడా ఫోన్ వాయిదా 3 వేలు తేదీకి కట్టి తీరాలి. తప్పితే పెనాల్టీ పడుతుంది, ఆ మచ్చ మీ సిబిల్ రికార్డులో, అంటే అప్పులు ఎలా కట్టారో రాసి ఉంచే చిట్టాలో, ఉండిపోతుంది. రేపు ఏ అవసరానికి లోను అడిగినా బ్యాంకు వాళ్లు ముందు అదే చూస్తారు.

వడ్డీ లేదన్న మాట కూడా నమ్మకండి. క్రెడిట్ కార్డుల మీద ఇచ్చే సున్నా వడ్డీ వాయిదాల్లో వడ్డీని వేరే రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి గట్టిగా చెప్పింది. ఎక్కడైనా కిటుకు ఇదే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఒక పక్క, మొత్తం ఒకేసారి కడితే తగ్గించే డబ్బు మనకి దక్కకపోవడం ఇంకో పక్క. షాపులో ఒక్కటే అడగండి: "మొత్తం ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?" ఆ ధరకీ వాయిదాల మొత్తానికీ ఉన్న తేడాయే వడ్డీ.

ఇప్పుడు 38 వేల సంగతి. చెట్టెక్కే మనిషి ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఆసుపత్రి కోసం, పని లేని నెలల కోసం ఉండాలి. అందుకే నా లెక్క ఇలా వేశాను: ఇప్పుడు తీసిన డబ్బుని మూడు మంచి నెలల్లో తిరిగి పోగు చేయగలగాలి. మూడు నాలుగులు 12 వేలు. ఫోన్ కొన్న రోజున బ్యాంకులో 26 వేలు మిగులుతాయి, మూడు నెలలు జాగ్రత్తగా ఉంటే మళ్లీ 38 అవుతుంది.

ఫోన్ గురించి అడిగితే ఇది చెబుతున్నానని అనుకోవద్దు. మీ ఆయన పని తలుచుకుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. చెట్టెక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు కేర సురక్ష అనే బీమా కూడా నడుపుతోంది. ఫోన్‌కి డబ్బు తీయడానికి బ్యాంకుకి వెళ్తారు కదా, 20 రూపాయల ఫారం ఆ రోజే నింపి రండి.

ఫోన్‌కి అయ్యేది కొన్న ధర ఒక్కటే కాదు, రీచార్జి కూడా ఉంది. 28 రోజుల ప్యాక్ ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. డేటా ప్యాక్ 300 అనుకుంటే ఏడాదికి 3,900, మూడేళ్లకి 11,700. ఒక స్మార్ట్‌ఫోన్ 12 వేలు, కవరు, గ్లాసు 500, మూడేళ్ల రీచార్జి 11,700 వేయండి. మీ ఆయన బటన్ ఫోన్‌కి కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్ ఏడాదికి 1,900 చొప్పున 5,700. అంతా కలిపి 29,900. కాల్స్ మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకి నిబంధన పెట్టింది, షాపువాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. అదే షాపులో చూపించిన రెండు ఫోన్లయితే 36 వేలు, కవర్లు, గ్లాసులు వెయ్యి, రెండు డేటా ప్యాక్‌లు 23,400, మొత్తం 60,400. తేడా 30 వేల పైచిలుకు. మీరు ఎన్నేళ్లుగా దాచిన డబ్బులో ముప్పాతిక భాగం కంటే ఎక్కువ అది.

మీ చేతికే ఎందుకన్నానంటే, మీ ఆయన పగలంతా తోటల్లో, చెట్ల మీద ఉంటారు. జేబులోంచి జారితే ఫోన్ కాలవలోనో రాయి మీదో పడుతుంది. పాలకొల్లు వైపు ఒక రైతు కొత్త ఫోన్ బోదె దాటుతుంటే నీళ్లలో పడింది. వారంటీ ఉంది కదా అని వెళ్తే నీళ్లలో పడితే వర్తించదన్నారు. చాలా కంపెనీల వారంటీ అంతే. పైగా లేసు డిజైన్ ఫొటో పంపించడానికి, డ్వాక్రా పనులకి, అమ్మాయితో మాట్లాడటానికి ఫోన్ ఇంట్లో ఉండాలి. సాయంత్రం ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి చూసుకుంటారు.

ఏ కంపెనీదని అడిగితే పేరు చెప్పను, మోడళ్లు పండగ పండగకీ మారిపోతాయి. కొన్ని మాత్రం పట్టుబట్టి చూడండి. ర్యామ్ 6 జీబీ, స్టోరేజీ 128 జీబీ ఉండాలి. 64 జీబీ తీసుకుంటే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలతోనే ఏడాదిన్నరలో నిండిపోతుంది, అప్పుడు మళ్లీ కొత్త ఫోన్ మాట మొదలవుతుంది. బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి, మూడేళ్ల కంటే తక్కువైతే వదిలేయండి. వీడియో కాల్‌కి ముందు కెమెరా మామూలుది చాలు, వెనక ఎన్ని కెమెరాలున్నాయో లెక్కపెట్టనక్కర్లేదు. సిమ్ ఏదైనా, మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ బాగా వస్తుందో ఇరుగుపొరుగుని కనుక్కోండి. పెద్ద కొబ్బరితోటల మధ్య ఒక్కో ఇంటి దగ్గర ఒక్కోలా ఉంటుంది.

తక్కువకొస్తుందని పాత ఫోన్ చూడాలనిపిస్తే, అందులో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ (*#06#) నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, అది ఏ ఫోన్‌కి ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబరు. ఇంగ్లిష్‌లో కేవైఎం (KYM) అని కొట్టి, చోటు వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెడితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. ఆ పని పక్కింటి అబ్బాయి చేసిపెడతాడు. కొత్తదైనా సరే, ఐఎంఈఐ రాసిన జీఎస్టీ బిల్లు లేకుండా షాపులోంచి బయటికి రావద్దు.

కొనేముందు బ్యాంకులో ఇంకో పని చేసుకోండి. మీ ఖాతాకీ ఆధార్‌కీ ఎవరి ఫోన్ నంబరు ఉందో కనుక్కోండి. మన పల్లెల్లో చాలా ఇళ్లలో అది అల్లుడిదో మరిదిదో, ఎప్పుడో ఆగిపోయిన సిమ్ముదో అయి ఉంటుంది. ఓటీపీ అంతా ఆ నంబరుకే పోతుంది. మీ నంబరే వేయించుకోండి.

ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి పెట్టుకోవాలనుకుంటే, 26 వేలున్న ఖాతాకి కలపొద్దు. ఇంకో చిన్న ఖాతా తెరిచి, అందులో 2, 3 వేలు వేసి దానికే కలపండి. ఏదైనా పొరపాటు జరిగినా పోయేది అంతవరకే. డబ్బు పంపడానికి పిన్ కావాలి, మనకి రావడానికి అక్కర్లేదు. డబ్బు వేస్తాం పిన్ నొక్కమన్నవాడు దొంగే. వాట్సాప్‌లో శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోవద్దు, అది తెరిస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. మోసం జరిగిందనిపిస్తే నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఐదు నిమిషాల్లో లోను ఇస్తామనే యాప్‌లు వద్దే వద్దు.

మీకు పనికొచ్చేవి కూడా ఉన్నాయి. 95523 00009 నంబరుని 'మన మిత్ర' అని సేవ్ చేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టింది, సర్టిఫికెట్లకి, బిల్లులకి వాట్సాప్‌లోనే అడగొచ్చు. టైపు చేయడం రాదని బెంగ వద్దు. తెలుగు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసేస్తుంది. అక్షరాలు పెద్దవి చేయమని షాపులోనే అడగండి.

ఇంతకీ ఏ రోజు వెళ్లాలంటే, అమ్మాయికి సెలవున్న రోజు చూసుకోండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి మధ్యాహ్నం పంటు ఎక్కి రేవు దాటండి. ఫోన్ నచ్చాక, డబ్బు కట్టకముందే, షాపులో ఉన్న డెమో ఫోన్‌లో ఏదైనా వీడియో పెట్టించుకుని రోడ్డు మీదికి తెచ్చి వినండి, ఎండలో తెర కనబడుతోందో లేదో చూడండి. సరిగా వినబడకపోతే ఎంత తగ్గించినా వద్దనండి, ఇంకోటి చూపించమనండి. అన్నీ బాగుంటే వాట్సాప్ అక్కడే పెట్టించుకుని, తిరిగి పంటు ఎక్కేలోపు రేవు దగ్గర కూర్చుని అమ్మాయికి మొదటి కాల్ చేయండి.