మెంటార్ సంతకం పెట్టి ఊరుకుంటే...

ప్రశ్న: బీఈడీ రెండో సంవత్సరం, మ్యాథ్స్. ఇంటర్న్‌షిప్‌కి మా మండలంలోని హైస్కూలుకు వెళ్తున్నాను. మెంటార్ సార్ మంచివారే కానీ, ఏడో తరగతి నాకు అప్పగించి తన పనులు చూసుకుంటారు. లెసన్ ప్లాన్ చూపిస్తే చదవకుండానే సంతకం పెడతారు. క్లాసులో అడుగుపెట్టాలంటే టెన్షన్. నేను సరిగ్గా చెబుతున్నానో లేదో ఎలా తెలుస్తుంది?
- ఒక ఛాత్రోపాధ్యాయిని

జవాబు: మీ బెంగలో న్యాయముందమ్మా. 2014 నిబంధనలతో బీఈడీని రెండేళ్లు చేసినప్పుడు బడిలో గడిపే కాలాన్ని 20 వారాలకు పెంచారు. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. అది సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు నింపడానికి ఇచ్చిన సమయం కాదు. అనుభవమున్న టీచర్ పక్కన ఉండి పని నేర్చుకోవడానికి ఇచ్చింది.

నేను లెక్కల టీచర్‌గా ఉండగా ఒక ఛాత్రోపాధ్యాయుడు మా ఏడో తరగతికి భిన్నాల కూడిక చెప్పాడు. బోర్డు పని ముచ్చటగా ఉంది. "అర్థమైందా?" అంటే క్లాసంతా "అర్థమైంది సార్" అంది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నా పక్కనున్న పిల్ల నోట్సులో 1/2 + 1/3 = 2/5 అని ఉంది. పైవి పైవి, కిందవి కిందవి కూడేసింది. ముందు నిలబడ్డవాడికి అది కనిపించదు. బెల్లు కొట్టాక అతనికి ఆ ఒక్క లెక్కే చూపించాను. మర్నాడు అతను "అర రొట్టెకు ఇంకొంచెం కలిపితే అరకంటే తగ్గుతుందా?" అని మొదలుపెట్టాడు. 2/5 అంటే అరకన్నా తక్కువని ఆ పిల్లే కనిపెట్టింది! మెంటార్ చేయాల్సింది ఇదే. మార్కులు, సంతకాలు తర్వాతి సంగతి.

మీ సార్‌ను "నా క్లాసు చూడండి" అని అడగకండి, అది ఆయనకు పెద్ద పనిలా అనిపిస్తుంది. "సార్, వెనక బెంచీల నోట్సులు మాత్రం చూసి చెప్పండి, పది నిమిషాలు చాలు" అనండి. అంతకంటే ముందు ఆయన పాఠానికి మీరు వెళ్లి కూర్చోండి. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు ఆయన ఏమంటున్నారో రాసుకుని, సాయంత్రం అలా ఎందుకన్నారో అడగండి. అడిగితే చెప్పని టీచర్లు చాలా తక్కువ.

అయినా కుదరకపోతే మీ కాలేజీ సూపర్‌వైజర్‌కు, బడి హెచ్.ఎం. గారికి చెప్పండి. సార్ మీద చాడీ చెబుతున్నానని సంకోచించకండి. అదే బడిలో వేరే టీచర్‌ను చూపించమని కూడా అడగవచ్చు.