డేటాబేస్ మాటిమాటికీ పడిపోతుంటే...

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటానండి. మా ఆవిడ పచ్చళ్ల వ్యాపారానికి 1 జీబీ ర్యామ్ సర్వర్ అద్దెకు తీసుకుని నేనే వర్డ్‌ప్రెస్ సైట్ పెట్టా. ఆర్డర్లు పెరగ్గానే డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వస్తుంది, మైఎస్‌క్యూఎల్ (ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) రీస్టార్ట్ చేస్తే మళ్లీ బానే ఉంటుంది. రీఇన్‌స్టాల్ చేసేయనా?

జవాబు: వద్దండీ బాబూ! ముందు కెర్నల్ లాగ్ (సర్వర్‌ని నడిపే లైనక్స్ రాసుకునే చిట్టా) చూడండి, అందులో 'అవుట్ ఆఫ్ మెమరీ' అని, పక్కనే మైఎస్‌క్యూఎల్‌డీ (మైఎస్‌క్యూఎల్ నడిచే ప్రాసెస్) పేరు కనిపిస్తే అది తనంతట తాను పడలేదు, ర్యామ్ అయిపోయి లైనక్సే దాన్ని చంపేసిందన్నమాట. ఎక్కువ మెమరీ పట్టుకున్నదాన్నే లేపేస్తుంది మరి, పాపం అది డేటాబేసే అవుతుంది, అసలు దొంగ మాత్రం చాలాసార్లు పీహెచ్‌పీ, అంటే వర్డ్‌ప్రెస్‌ని నడిపే ప్రోగ్రామ్. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 50, 60 ఎంబీ లాగేస్తూ అలాంటివి 20 లేస్తే 1 జీబీ ఏ మూలకి చెప్పండి? ఆ ప్రాసెస్‌లను లేపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి లేవగల ప్రాసెస్‌ల సంఖ్య) 5కి దించండి, 1 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) పెట్టండి, మైఎస్‌క్యూఎల్ తన పనితీరు కొలుచుకునే పెర్ఫార్మెన్స్ స్కీమా ఆన్‌లో ఉంటే ఆపేయండి, చిన్న సర్వర్‌కి అదో బరువు. మైఎస్‌క్యూఎల్ డేటాను ర్యామ్‌లో ఉంచుకునే బఫర్ పూల్ డిఫాల్ట్ 128 ఎంబీయే, దాని జోలికి పోకండి, ఎక్కడో చదివి పెంచేస్తుంటారు కొందరు. లాగ్‌లో ఆ మాటే లేకపోతే డిస్క్ నిండిందేమో చూసుకోండి. ఇవన్నీ మొదలెట్టకముందే డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ) తీసి వేరే చోట పెట్టుకోండి, ఆర్డర్లన్నీ అందులోనే కదా.