బోరిస్ మెడ జాగ్రత్త

అమ్మడూ,

పీటర్స్‌బర్గ్‌లో ‘బోరిస్ గోడునోవ్’ ఒపేరాకి, అదే, రష్యా జార్ చక్రవర్తి బోరిస్ కథని పాటల్లో నడిపే నాటకానికి, సెట్టింగులూ కాస్ట్యూములూ నీకే అప్పజెప్పారని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం గుండెలో దడ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం. సాంతం చదువు. సగంలో ఆపేసి ‘తెలుసులే అత్తయ్యా’ అనకు.

ముందు ఏ ప్రతి ఆడుతున్నారో తేల్చుకో. స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1869లో రాసినదాంట్లో పోలండ్ అంకమే లేదు, 1872 నాటి ప్రతిలో ఉంది. అది తేలేదాకా ఆ అంకంలోని పోలండ్ దొరసాని మరీనా గౌనుకి గజం గుడ్డ కూడా కొనకు. కొలతలు నువ్వే తీసుకో. మాస్కో వెళ్ళి క్రెమ్లిన్ కోటలోని ఆయుధశాల మ్యూజియం చూడు, ఒకసారి కాదు, మూడుసార్లు.

బోరిస్ పట్టాభిషేకం 1598లో. నువ్వు ఫోన్‌లో తీసుకొచ్చే క్రెమ్లిన్ ఫొటో అప్పటిది కాదు. ఇవాన్ గంటల గోపురాన్ని ఇప్పుడున్నంత ఎత్తుకి లేపింది ఆ బోరిసే, 1600లో. అంటే పట్టాభిషేకం నాటికి అది ఇంకా పొట్టిదే. ఆ కోట స్పాస్కయా బురుజు మీది కోసు శిఖరం వచ్చింది 1620లలో. పక్కనున్న సెయింట్ బాసిల్ చర్చి గుమ్మటాల మీద ఈ రంగులు కూడా తరవాతివే. బయార్లందరికీ, అంటే ఆస్థాన ప్రభువులకి, గడ్డాలుండాలి, పీటర్ చక్రవర్తి వాటిని తీయించడానికి ఇంకా వందేళ్ళుంది. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఒక్క వెంట్రుక కూడా బయటికి కనిపించకూడదు. బోరిస్ కూతురు క్సేనియా పెళ్ళికాని పిల్ల, ఒంటిజడ వెయ్యి. బజార్లో టూరిస్టులకి అమ్మే తళుకుల కిరీటం ఆ పిల్ల నెత్తిన పెట్టావో, నేను ఊరుకోను.

చిన్నప్పుడు తెనాలిలో సురభి వాళ్ళ నాటకానికి తీసుకెళితే, కథ వదిలేసి తెరల వంకే చూస్తూ కూర్చునేదాన్ని. దర్బారు తెర లేచి అడవి తెర దిగుతుంటే ఒళ్ళు ఝల్లుమనేది. ఆ పిచ్చే నన్ను రష్యా దాకా లాక్కెళ్ళింది. ఇప్పుడు నిన్నూ లాక్కెళ్ళిందని తలుచుకుంటే కళ్ళు చెమరుస్తున్నాయి.

ఇక మెడ సంగతి. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, ఓ చిన్న ఊరి ఒపేరాలో కుట్టుపని. జార్ భుజాల మీద వేసుకునే బార్మీ ఉంటుంది, దేవుడి బొమ్మల బిళ్ళలు పొదిగిన గుండ్రటి పట్టీ. మ్యూజియంలో గంటల తరబడి నిలబడి ముత్యం ముత్యం లెక్కపెట్టి గీసుకొచ్చాను. అచ్చం అలాగే రావాలని మూడు పొరల బక్రం, ఆ బిరుసు గుడ్డ, పెట్టి, జిగురు పూసి, మెడకి సరిగ్గా సరిపోయేలా బిగించాను. ట్రయల్ రోజున బోరిస్ వేషం వేసే గాయకుడు చేతులు కట్టుకుని మౌనంగా నిలబడ్డాడు. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను.

మొదటి ప్రదర్శన. గంటలు మోగాయి, కోరస్ ఆగింది, బోరిస్ నోరు తెరిచాడు. ఊపిరి నిండా పీల్చుకున్నప్పుడు మంద్రస్థాయిలో పాడే బాస్ గాయకుడికి పక్కటెముకలూ వీపూ మెడా అన్నీ విచ్చుకుంటాయి. నా పట్టీ విచ్చుకోలేదు. రోజూ ఒక్క ఊపిరిలో లాగే వరసని ఆయన ఆ రాత్రి రెండుసార్లు తెంపాడు. ఎందుకో సైడ్‌వింగ్‌లో నిలబడ్డ నాకొక్కదానికే తెలుసు. లోపలికొచ్చి పట్టీ విప్పాడు. మెడ చుట్టూ ఎర్రటి గీత, దాని మీద ముత్యాల కుట్లు చుక్కలు చుక్కలుగా అచ్చుపడి ఉన్నాయి. ఒక్కమాట అనలేదు. పట్టీ నా చేతుల్లో పెట్టి, మంచినీళ్ళు తాగి, తరవాతి సీను కోటు అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రే వెనకభాగం విప్పి, బక్రాన్ని నిలువు చీలికలుగా కోసి, లోపల ఎలాస్టిక్ వేశాను. ముందు నుంచి చూస్తే ముత్యమైనా తేడా తెలియలేదు.

అందుకని ఏ ట్రయలూ మౌనంగా చేయకు. పాడించు, మోకరిల్లమను, కిందపడమను. బోరిస్ స్టేజీ మీదే చచ్చిపోతాడు కదా! బయార్ల పొడుగు బొచ్చుటోపీలు చెవుల మీదికి దిగనీయకు, ఆర్కెస్ట్రా వినపడక కోరస్ వెనకబడుతుంది. లైట్ల వేడికి ఒళ్ళు ఉడికిపోతుంది, కోట్లలో దూది దట్టించకు.

రాత్రిళ్ళు మేలుకుని కుట్టకు, కళ్ళు పోతాయి. వేళకి ఇంత తిను. మొదటి ట్రయల్ ఏ రోజో ముందే చెప్పు. మీ బోరిస్ పాడుతుండగా వీడియో తీసి పంపు, మెడ వెనక నుంచి.

నీ
అత్తయ్య