కందగడ్డల మట్టికి అల్ట్రాసౌండ్: మేం చేసి చూసింది

అన్నా, శివరాత్రి మార్కెట్‌కు కందగడ్డలు (చిలగడదుంపలు) కడగడానికి అల్ట్రాసౌండ్ మిషన్ కొంటే తోలు లేవకుండ రేగడి మట్టి పోతదా అని అడిగిన్రు. పోతది. కానీ మీరనుకున్నంత మట్టి పోదు.

మాది దేవరకొండ దిక్కు. ఎర్రచెలకలో పెట్టిన గడ్డ దులిపితే చాలు, రేగడి పట్టీలో తవ్వినదే మమ్మల్ని ఏడిపించింది. తడిస్తే ఉబ్బి బంకలా పట్టుకునే మన్ను అది. బ్రష్‌తో గట్టిగా రుద్దితే పల్చటి తోలు లేచి, మూడో రోజుకే గడ్డ నల్లబడేది. మా బావమరిదికి వెండి దుకాణం ఉంది. పట్టగొలుసులు కడిగే 3 లీటర్ల అల్ట్రాసౌండ్ తొట్టి, 40 కిలోహెర్ట్జ్‌ది (సెకనుకు నలభై వేల సార్లు అదిరేది), ఆయన దగ్గర అడిగి తెచ్చిన.

మొదట మట్టితో ఉన్న గడ్డలే వేసిన. నీళ్ళు బురదయినయి, పెళ్ళలు అట్లనే ఉన్నయి. ఎందుకో అర్థం కాక, సన్నటి అల్యూమినియం రేకు ముక్కను నీళ్ళలో వేలాడదీసి చూసిన. శుభ్రమైన నీళ్ళలో రెండు నిమిషాలకే రేకుకు చిల్లులు పడ్డయి, బురద నీళ్ళలో గీతలు కూడా సరిగా పడలేదు. ఈ మిషన్ చెవికి వినపడని శబ్దాన్ని నీళ్ళలోకి పంపుతది, పని చేసేదే ఆ శబ్దానికి నీళ్ళలో పుట్టి పగిలే సన్న బుడగలతో. ఆ బుడగ గడ్డ పక్కన పగిలినప్పుడు కొట్టే దెబ్బకు మట్టి ఊడుతది. నీళ్ళు చిక్కబడితే ఆ శబ్దమంతా బురదే తాగేస్తది. గడ్డల మీద గడ్డలు పోస్తే కూడా అంతే, కింది వాటికి దెబ్బ అందదు.

రెండోసారి అరగంట నానబెట్టి, పైపుతో కొట్టి, జాలిబుట్టలో ఒక్క వరుసగా పరిచి ఐదు నిమిషాలు పెట్టిన. గడ్డ కళ్ళల్లో, వేరు తెగిన గుంటల్లో ఇరుక్కున్న మట్టి, బ్రష్ అందని మట్టి, పొగలాగ బయటికొచ్చింది. తోలుకు ఏం కాలేదు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది నాకు. కానీ ఒక్కో దఫాకు నాలుగు గడ్డలు! ట్రాలీ సరుకుకు సరిపోయే తొట్టి ఖర్చు రెండెకరాల రైతు మోయలేడు.

నా మాట వింటే ముందు తవ్వే రోజు చూసుకోండి. పదును ఆరి, మన్ను చేతిలో పొడి అయ్యేటప్పుడు తవ్వితే సగం మట్టి చేనులోనే రాలుతది. తర్వాత నానబెట్టి, తిరిగే జాలి డ్రమ్ములో నీళ్ళు కొట్టండి. ఆ రోజే అమ్మేవే కడగండి, నిలవ పెట్టేవి మట్టితోనే నీడన ఉంచండి. కడిగిన బురద నీళ్ళలో కొంచెం పటిక కలిపితే మన్ను కిందికి దిగుతది, పైతేట మళ్ళీ మొదటి కడుగుడుకు పనికొస్తది.

అయినా కొనాలనుకుంటే, అమ్మేటాయన దగ్గరికి మీ రేగడి గడ్డలూ మీ బోరు నీళ్ళూ పట్టుకపోయి, ఆ తొట్టిలో రేకు వేలాడదీసి చూడండి. మిషన్ నడుస్తున్నప్పుడు మాత్రం తొట్టిలో చెయ్యి పెట్టకండి.