నెబ్రాస్కా పల్లె బడిలో తొమ్మిదో తరగతి: తమ్ముడికో ఉత్తరం

తమ్ముడూ,

జె-1 వేవర్ కాగితాలు (విదేశీ డాక్టరు స్వదేశం వెళ్ళకుండా, వైద్యులు తక్కువున్న ఊళ్ళో పనిచెయ్యడానికిచ్చే మినహాయింపు) వచ్చేశాయన్నావు, సంతోషం. మూడేళ్ళు ఆ ఊరి ఆసుపత్రిలోనే చెయ్యాలి కాబట్టి నీ కూతురు చిన్నీ హైస్కూలు చదువు చాలావరకు అక్కడే సాగుతుంది. "ఆటలూ అవీ మనకెందుకక్కా, చదువుకుంటే చాలదా" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం. డల్లాస్‌లో రెండు మూడు వేల మంది ఉండే బళ్ళో ఆ లెక్క నడుస్తుంది. హైస్కూలంతా కలిపి ఎనభై మంది ఉన్న చోట నడవదు. అక్కడ జట్టు నిండాలంటేనే ప్రతి పిల్లా కావాలి. బడి వదిలాక పిల్లలంతా ప్రాక్టీసులో ఉంటారు, శుక్రవారం రాత్రి ఊరంతా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం దగ్గరుంటుంది. ఏదీ ఆడక ఇంటికొచ్చే పిల్లకి మాట్లాడ్డానికి మనిషే దొరకదు.

ఫుట్‌బాల్ పదకొండు మందితో కాక ఎనిమిది మందితోనో ఆరుగురితోనో ఆడుతుంటే తికమకపడకు. ఆరుగురి ఆట పుట్టిందే నెబ్రాస్కాలో, 1934లో. మొదటి మ్యాచ్ హీబ్రన్ అనే ఊళ్ళో జరిగింది. స్టీఫెన్ ఎప్లర్ అనే కోచ్ చిన్న బళ్ళ కోసం తయారుచేశాడు. మైదానం 80 గజాల పొడవు, 40 గజాల వెడల్పు. ఫస్ట్ డౌన్‌కి, అంటే బంతి తమ దగ్గరే నిలుపుకోవడానికి, నాలుగు ప్రయత్నాల్లో పది కాదు, పదిహేను గజాలు వెళ్ళాలి. రెండో సగంలో 45 పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో సరి. ఇంకా పిల్లలు చాలకపోతే పక్క ఊరి బడితో కలిసి కో-ఆప్ జట్టు కడతారు. అప్పుడు ప్రాక్టీసు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ. ఏ రోజు ఎక్కడో ముందే కనుక్కో.

ముందు కాగితాల సంగతి. స్పోర్ట్స్ ఫిజికల్, అంటే ఆటలకి ముందు చేయించే ఆరోగ్య పరీక్ష, ఆ విద్యా సంవత్సరానికి ముందు వచ్చే మే 1 తర్వాత చేయించిందే చెల్లుతుంది. ఏప్రిల్‌లో తీరిగ్గా ఉన్నాం కదా అని చేయిస్తే ఆగస్టులో మళ్ళీ మొదటికొస్తుంది. ఫారం ఆఫీసులో పడేదాకా కోచ్ మైదానంలోకి రానివ్వడు. ఆగస్టులో క్లినిక్ కిటకిటలాడుతుంది, జూన్‌లోనే ముగించు. నువ్వే డాక్టరువి కదా అని నీ కూతురి ఫారం మీద నువ్వే సంతకం పెట్టకు, క్లినిక్‌లో ఇంకొకరి చేత పెట్టించు. మార్కుల నియమం కూడా ఉంది: కిందటి సెమిస్టర్‌లో కనీసం 20 క్రెడిట్ గంటలు పాసై ఉండాలి. అది బడి ఆటలు నడిపే రాష్ట్ర అసోసియేషన్ నియమం. బడి తన సొంత నియమం దీనికన్నా గట్టిగా పెట్టుకుంటుంది, చాలా చోట్ల వారం వారం ఫెయిలింగ్ జాబితా తీస్తారు. చిన్నీ లాంటి పిల్లలు ఆ జాబితాలోకి ఎక్కేది చదువు రాక కాదు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకే బస్సెక్కి వెళ్ళిపోయి, ఆ పూట ఇచ్చిన పని అప్పజెప్పక సున్నాలు పడి ఎక్కుతారు. వెళ్ళేముందు రోజే టీచరు దగ్గరికెళ్ళి రేపటి పని అడిగి తెచ్చుకోవడం అలవాటు చెయ్యి.

ఇక ఏ ఆట అంటావా. ఆకురాలు కాలంలో ఆడపిల్లలు ఎక్కువగా వెళ్ళేది వాలీబాల్‌కి. కానీ అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచీ ఆడుతుంటారు. మనది కొత్తగా చేరితే మొదటి ఏడాది సి-టీములో (మూడో వరస జట్టు) నాలుగు సర్వులు, మిగతా అంతా బెంచీ. ఆ సంగతి దానికి ముందే చెప్పి, అయినా ఇష్టమంటే పంపు. నన్నడిగితే క్రాస్ కంట్రీ మేలు. 5 కిలోమీటర్ల పరుగు, ముందు నైపుణ్యమేదీ అక్కర్లేదు. ఆఖర్న వచ్చిన పిల్ల కోసం కూడా జట్టంతా తాడు పక్కన నిలబడి అరుస్తారు.

దానికి జూన్ నుంచే తయారీ ఉండాలి. మొదటి రెండు వారాలు నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం అరగంట, వారానికి నాలుగు రోజులు. తర్వాత పరుగు కొద్దికొద్దిగా పెంచి, జులై చివరికి ఆగకుండా ఇరవై ఐదు నిమిషాలు రావాలి. వేసవంతా కూర్చుని ఆగస్టులో ఒకేసారి దిగినవాళ్ళకి పదో రోజుకి మోకాలి కింద ముందు ఎముక సలుపు మొదలవుతుంది, సీజన్ సగం ఐసు ముక్కలతోనే గడుస్తుంది. సిమెంటు రోడ్డు కన్నా మట్టి దారి మంచిది. బూట్లు కొనేటప్పుడు బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఇంకోటి, నీకు తెలిసిందే అయినా సొంత ఇంట్లో మర్చిపోతాం: శాకాహారి ఆడపిల్ల, నెలసరి మొదలైన వయసు, పైగా పరుగు. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) అడుగంటి ఉండొచ్చు. సెప్టెంబరులో టైములు ఊరికే పడిపోతుంటే బద్ధకం అని తిట్టకుండా రక్తపరీక్ష చేయించు.

చలికాలంలో బాస్కెట్‌బాల్, రెజ్లింగ్. బాస్కెట్‌బాల్‌లో నగలు నిషేధం. దేవుడి లాకెట్టు లాంటిదైతే టేపు వేసి యూనిఫాం లోపల దాచుకోవచ్చు. అందుకని అమ్మ ముక్కు కుట్టించమని ఎంత పోరినా సీజన్ ముందు వద్దు. కొత్త రంధ్రం, తీసేస్తే పూడుకుపోతుంది. మే నెలలో ట్రాక్ (పరుగు, విసిరే పోటీలు) సీజన్ అయ్యాక కుట్టిస్తే వేసవంతా మానడానికి టైముంటుంది. ఆ ట్రాక్‌కి స్పైకులు (బూట్ల అడుగున బిగించే మేకులు) కావాలంటే పావు అంగుళం పిరమిడ్ రకం కొను, అంతకన్నా పొడుగువి చాలా సింథటిక్ ట్రాకుల మీద ఒప్పుకోరు. పరుగు విసుగొస్తే విసిరే ఆటలున్నాయి. ఆడపిల్లలకి షాట్ (ఇనప గుండు) 4 కిలోలు, డిస్కస్ 1 కిలో. చిన్న బళ్ళలో వీటికి మనుషులే దొరకరు.

తలకి దెబ్బ తగిలితే మాత్రం ఆ రోజుకి ఆట బంద్. తర్వాత కూడా మెట్టుకి కనీసం 24 గంటల చొప్పున నెమ్మదిగా తిరిగి రావాలి. పెద్ద మ్యాచ్ ఉందని పిల్ల "నాకేం లేదు నాన్నా" అంటే నమ్మకు.

ఆటలు కానివి కూడా అంతే ముఖ్యం. చిన్నీ మృదంగం ఐదేళ్ళు నేర్చింది కదా, బ్యాండులో పర్కషన్‌కి వెళ్ళమను. లయ దానికి వచ్చు. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి వాయించడం రాదు, అది ఈ వేసవిలో నేర్పించు. వయొలిన్‌కి ఆ బ్యాండులో చోటుండదు. హాఫ్‌టైములో చూడు, చెమటలు కారుతున్న కుర్రాడు ఫుట్‌బాల్ ప్యాడ్లతోనే పరిగెత్తుకొచ్చి ట్రోంబోన్ పట్టుకుని వరసలో నిలబడతాడు. అంతమందే ఉంటారు మరి. స్పీచ్, అంటే ప్రసంగ పోటీలు, జనవరిలో మొదలవుతుంది, శనివారాలు తెల్లారకముందే బస్సు. నల్ల సూటు కొనాలి. పోటీ జరిగే బళ్ళో వరండాల్లో పిల్లలు గోడకి ఎదురుగా నిలబడి గోడతోనే మాట్లాడుతుంటారు. అది ప్రాక్టీసు, పిచ్చి కాదు. మొదటి ఏడాది ఇన్ఫర్మేటివ్ (ఒక విషయం వివరించి చెప్పే ప్రసంగం) చాలు.

ఎఫ్ఎఫ్ఏలో (వ్యవసాయం చదివే పిల్లల సంఘం) చేరాలంటే వ్యవసాయం క్లాసు తీసుకోవాలి. ఆ నీలం కార్డురాయ్ జాకెట్టు అక్కడ గౌరవం, కొనివ్వు. కానీ ఒక జాగ్రత్త. ప్రతి విద్యార్థీ ఎస్ఏఈ అనే సొంత ప్రాజెక్టు చెయ్యాలి. మిగతా పిల్లలు దూడలు పెంచి అమ్ముతారు, రైతుల దగ్గర జీతానికి చేస్తారు. చిన్నీ హెచ్-4 (నీ వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద ఉంది, సంపాదన కుదరదు. పరిశోధన తరహా ప్రాజెక్టు పెట్టించు, మట్టి పరీక్షలైనా సరే, మొలకల మీద ప్రయోగమైనా సరే. చిన్న పిల్లల మ్యాచ్‌లకి లైన్ జడ్జిగా నిలబడి డబ్బు తీసుకోవడం కూడా అంతే, వద్దు.

అన్నిటికీ ఒప్పుకుంటే పిల్ల నలిగిపోతుంది. సీజనుకి ఒక ఆట, ఏడాది మొత్తం మీద బ్యాండు, స్పీచ్ లాంటి వేదిక పనులు రెండు, అంతకు మించనివ్వకు. చాలా ఊళ్ళలో బుధవారం సాయంత్రం చర్చి రాత్రి, ప్రాక్టీసులు పెట్టరు. ఆ పూట దానికి నిద్ర. మ్యాచ్ అయ్యాక జట్టుకిచ్చే తిండి సాధారణంగా మాంసంతోనే ఉంటుంది. సీజన్ మొదట్లోనే కోచ్‌కి ఈమెయిల్ పెట్టి చెప్పు, అయినా పులిహోర డబ్బా బ్యాగులో ఉండనీ. పాడవదు, బస్సులో చల్లగా తిన్నా బాగుంటుంది.

నీ వంతూ ఉంది. ఆడే టైము తక్కువైందని కోచ్ దగ్గరికి అదే రాత్రి వెళ్ళకు, 24 గంటలు ఆగడం అక్కడి మర్యాద. ఆగాక కూడా "మా అమ్మాయిని ఎందుకు ఆడించలేదు" అనొద్దు, "ఏం మెరుగుపరుచుకోవాలి" అని అడుగు, అదీ చిన్నీ నోటితోనే. కన్సెషన్ స్టాండులో (మ్యాచ్ దగ్గర తినుబండారాలు అమ్మే కొట్టు) తల్లిదండ్రులకి వంతులు వేస్తారు. డబ్బిచ్చి తప్పించుకోకు, వెళ్ళి నిలబడు. వాకింగ్ టాకో అంటే చిప్స్ పొట్లం నిలువునా చీరి, మీద ఒక గరిటె మాంసం కూర, చీజు వేసి, ఫోర్కు గుచ్చి ఇవ్వడమే. మాంసం ముట్టనంటే పాప్‌కార్న్ మిషన్ దగ్గర వేయమను.

ఇల్లు ఊళ్ళో తీసుకుంటావో బయట తీసుకుంటావో తేల్చుకునే ముందు ఇది చూడు: బడికి మైలున్నర, అంతకన్నా దూరంలో ఉంటే 14 ఏళ్ళ 2 నెలలకే కారు నడపడానికి స్కూల్ పర్మిట్ ఇస్తారు, బడికీ బడి కార్యక్రమాలకీ తిన్నగా వెళ్ళి రావడానికి. పర్మిట్ వచ్చినా మొదటి చలికాలం రాత్రిళ్ళు నువ్వే దింపి తీసుకురా. కంకర రోడ్డు, పొద్దుగూకే వేళ అడ్డంపడే జింకలు.

మరదలికి చెప్పు, ఫిజికల్ ఫారం బడి వెబ్‌సైటులో ఉంటుంది. ఈ వారమే ప్రింటు తీసి పెట్టమను.

మీ అక్క