సీ వాక్‌కి దిగే ముందు ఒకసారి చదువుకో

శ్రీకాకుళం

అమ్మలూ,

సంక్రాంతి అయ్యాక అండమాన్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. సీ వాక్, అదే హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడవడం, చెయ్యాలని నీకు ఎంతో ఆశట, కానీ ఈత రాదని భయపడుతున్నావట. ఈత రాకపోయినా ఫరవాలేదమ్మా. నాకూ రాదు, అయినా అక్కడి నార్త్ బే అనే చోట దిగి హాయిగా నడిచొచ్చాను. తప్పకుండా చెయ్యి. కాకపోతే కొన్ని సంగతులు తెలుసుకుని దిగు.

ఆ హెల్మెట్ తలకి బిగించేది కాదు. భుజాల మీద ఆనుకుని ఉంటుంది, కింద అంతా తెరిచే ఉంటుంది. పైనున్న కంప్రెసర్ నుంచి పైపులో గాలి ఆగకుండా వస్తుంటుంది. ఖాళీ గ్లాసుని బోర్లించి బకెట్ నీళ్ళలో నిటారుగా ముంచి చూడు, లోపలి గాలి నీళ్ళని పైకి రానివ్వదు. ఇదీ అంతే. మొహం తడవదు, కళ్ళజోడు తియ్యక్కర్లేదు, ముక్కుతోనే మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ తల వంచితే మాత్రం నీళ్ళు లోపలికొస్తాయి. కింద ఏదైనా చూడాలనిపిస్తే నడుము వంచకుండా మోకాళ్ళ మీద కూర్చో. హెల్మెట్ చాలా బరువు. అందుకే నువ్వు నిచ్చెన మీద మెడలోతు దిగాకే పెడతారు. నీళ్ళలో ఆ బరువు అంతగా తెలియదు.

అసలు జాగ్రత్తంతా చెవుల దగ్గరే. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. సీ వాక్ అంత లోతు ఉండదు, మామూలుగా ఐదారు మీటర్లే. కానీ చెవికి తేడా బాగా తెలిసేది మొదటి రెండు మూడు మీటర్లలోనే. నిచ్చెన దిగుతుండగానే చెవులు దిబ్బడేస్తాయి. హెల్మెట్ కిందనుంచి చెయ్యి పెట్టి, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని, నోరు మూసుకుని మెల్లగా ఊదు. చెవిలో టప్పుమని వదులుతుంది. గట్టిగా మాత్రం ఊదకు. మెట్టు మెట్టుకీ ఇలా చేస్తూ దిగు. నొప్పి వచ్చాక చేద్దామనుకుంటే అప్పుడు వదలడం కష్టం. వదలకపోతే ఒకట్రెండు మెట్లు పైకెక్కి మళ్ళీ చూడు. అప్పటికీ కాకపోతే వచ్చెయ్. డబ్బు కట్టేశామనో, వెనక జనం ఎదురుచూస్తున్నారనో మొహమాటపడి ఓర్చుకుంటే కర్ణభేరి దెబ్బతింటుంది. నీ చెవి సంగతి గైడ్‌కి తెలియదు, నువ్వు చెప్పాలి. జలుబుంటే ఆ రోజు దిగనేవద్దు, ముక్కులో చుక్కల మందు వేసుకుని అయినా సరే.

ఊపిరి ఎక్కడా బిగపట్టకు, ముఖ్యంగా పైకొచ్చేటప్పుడు. కింద పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, బయటికి వదలకపోతే ఊపిరితిత్తులకి ప్రమాదం.

ఇంకొకటి. ఏదైనా బాగుంటే మనం బొటనవేలు పైకెత్తుతాం కదా, నీళ్ళలో దానికి 'పైకి తీసుకెళ్ళు' అని అర్థం. బాగానే ఉన్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఒడ్డునే గైడ్‌తో ఇవన్నీ ఒకసారి చేసి చూసుకో. హిందీలో గబగబా చెప్పేస్తే అర్థమయ్యేదాకా మళ్ళీ అడుగు. పోర్ట్ బ్లెయిర్‌లో మన సిక్కోలు వాళ్ళు చాలామందే ఉన్నారు, బజార్లో తెలుగు వినిపిస్తుంది. (ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, బోర్డుల మీద చూసి కంగారు పడకు.)

మన కళింగపట్నంలో వంశధార మట్టి కలిసి సముద్రంలో కాలు పెడితే పాదం కనిపించదు. అండమాన్‌లో అయితే చేప మొప్పలు తెరుచుకుని మూసుకోవడం కూడా కనిపిస్తుంది. పసుపు మీద నల్ల చారలున్న చిన్న చేపలు వేళ్ళ చివర్లు పొడిచి చూసి వెళ్తాయి. రొట్టె ముక్కలు ఇస్తే వద్దను, అది వాటి తిండి కాదు. పగడాల మీద చెయ్యి గానీ కాలు గానీ వెయ్యకు. రాయిలా కనిపిస్తాయి గానీ అవి ప్రాణులు, ఎంతో నెమ్మదిగా పెరుగుతాయి. ఒడ్డున దొరికిన ముక్కైనా బ్యాగులో వేసుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

దీన్ని చివరి రోజుకి పెట్టుకోకండి. స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని లోతుకి దిగడం) చేసినవాళ్ళని వెంటనే విమానం ఎక్కొద్దంటారు. ఇది అంత లోతు కాకపోయినా ఒక రోజు ఎడం ఉండటం మంచిది. పైగా గాలి ఎక్కువై ఆపేస్తే మర్నాడు వెళ్ళొచ్చు.

అత్తయ్యగారికి బీపీ కదా, ఇక్కడే డాక్టర్ని అడగండి. వద్దంటే అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించండి, ఆవిడా పగడాలు చూస్తారు. బాబుకి ఆరేళ్ళే, వయసు ఎక్కువ చెప్పి దింపే ప్రయత్నం చెయ్యకండి. అంత చిన్న పిల్లాడికి చెవి నొప్పి చెప్పుకోవడం రాదు. నువ్వూ అల్లుడూ ఒకేసారి దిగొద్దు. ఒకరు దిగినప్పుడు ఇంకొకరు వాడి దగ్గరుండండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ